ఎనభై దాటితే

స్పీడు డెబ్బై దాకా ఏమీ ఉండదు. డెబ్బై అయిదు దగ్గర నా సీటు కింద ఏదో గొణగడం మొదలవుతుంది. ఎనభై దాటితే ఆ గొణుగుడు నడుములోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి ఒడిలో ఉన్న పెట్టెలోకి పాకుతుంది. లోపలి గొట్టాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. అప్పుడు అమ్మ అద్దంలోంచి నన్ను చూస్తుంది. నేను పెట్టెను ఒడిలోంచి కాస్త పైకెత్తి గాలిలో పట్టుకుంటాను. చేతులు లాగేస్తాయి.

ఆ పెట్టెలో ఉండేది రక్తం. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పొద్దున్నే తీసిన నమూనాలు. ఎనిమిదిన్నరకు పెట్టె మా చేతికిస్తారు. తొంభై కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద ల్యాబుకు పదిన్నర లోపు చేర్చాలి. దారిలో రెండు ఊళ్లు, ఒక రైల్వే గేటు. హైవే మీద ఎనభై అయిదులో పోతే తప్ప అందుకోలేం. కారు అమ్మది, నడిపేది అమ్మ. సెలవులు కాబట్టి నేను వెనక సీట్లో కూర్చుని పెట్టె పట్టుకుంటాను, అరగంటకోసారి దాని మీదున్న థర్మామీటరు చూసి పుస్తకంలో రాస్తాను.

ఇప్పటికి రెండుసార్లు పెట్టె చెడిపోయింది. మొదటిసారి పోయిన శుక్రవారం, రెండోసారి ఈ సోమవారం. ల్యాబు మేడమ్ ఒక గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి అమ్మకు చూపించింది. పైన తేటగా తేలాల్సిన నీరు గులాబీ రంగులో ఉంది.

"కణాలు పగిలిపోయాయమ్మా. పరీక్షకు పనికిరావు. ఎక్కడో బాగా ఊగుతున్నాయి. చేతుల్లో ఊగుతున్నాయా, బండిలోనా?"

"బండిలోనే మేడమ్. మేస్త్రీకి చూపిస్తాను."

"చూపించు. ఇంకొక్కసారి ఇలా వస్తే ఈ రూటు వేరేవాళ్లకిచ్చేస్తాను. నా చేతిలో కూడా ఉండదు అప్పుడు."

చెడిపోయిన రక్తం మళ్లీ తీయాలి. సోమవారం మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మోచేతి మడతలో పొద్దున గుచ్చిన చోట నల్లగా కమిలింది. ఆమె రెండో చెయ్యి చాపుతూ అమ్మ వైపు చూసింది. అమ్మ ఆ రోజు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు.

అమ్మ పదకొండు నెలలుగా ఈ రూటు నడుపుతోంది. అంతకుముందు స్కూలు వ్యాను నడిపే ఆయన చేసేవాడు. పిల్లల్ని దించి వచ్చేసరికి ఆలస్యమై, ఆ ఆలస్యాలు లెక్కకొచ్చి, ఆయన్ని తీసేశారు. అమ్మకు ఇచ్చారు. "ఆడమనిషి, ఎన్నాళ్లు నడుపుతుందిలే" అన్నవాళ్లంతా మా వీధివాళ్లే. వాళ్లందరి కళ్ల ముందు ఆ పెట్టె పోగొట్టుకోవడం కంటే అమ్మకు భయమైనది ఇంకొకటి లేదు. నాకూ అంతే.

సోమవారం సాయంత్రమే కార్లు బాగుచేసే మేస్త్రీ షెడ్డుకు వెళ్లాం. మేస్త్రీ మాకు చుట్టమేం కాదు గానీ అమ్మను అక్కా అంటాడు, ఆ చనువుతో నాన్నను బావా అంటాడు. పొట్ట ముందు, మనిషి వెనక నడుస్తాడు.

"ఏమ్మా, ఏంటి నీ జబ్బు?" అని బానెట్టు మీద తట్టాడు. కారునే అడిగాడు. జవాబు మాత్రం అమ్మ చెప్పింది. ఎనభై దగ్గర వణుకు. బ్రేకు తొక్కితే ఎక్కువవుతోందా? లేదు. గేరు తీసేసి ఊరికే వదిలితే ఆగుతోందా? లేదు, స్పీడు తగ్గేదాకా ఉంటుంది.

"అయితే ఇంజను కాదు. చక్రాలే" అన్నాడు మేస్త్రీ. "స్టీరింగ్ వణుకుతోందా?"

అమ్మ ఆలోచించింది. "కొంచెం."

"ఇంకేం. స్టీరింగ్ అంటే ముందు చక్రాలు. బ్యాలెన్సు తప్పుంటాయి."

కాదు. వణికేది నా సీటు. వెనక, ఎడమ పక్కన, సరిగ్గా నా కింద. నోరు తెరిచాను. షెడ్డులో ఇంకో ఇద్దరు నిలబడి నన్నే చూస్తున్నట్టనిపించింది. నోరు మూసుకున్నాను.

"ఏం పాపా, ఏదో అనబోయావు?" అన్నాడు మేస్త్రీ. నేను తల అడ్డంగా ఊపాను. "అక్కా, ఈ పిల్లకి నోరుందా, లేక అది కూడా స్టెప్నీతో పాటు డిక్కీలో పెట్టారా?"

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

ముందు చక్రాలు రెండూ విప్పి మిషను మీద తిప్పాడు. చిన్న చిన్న సీసం ముక్కలు అంటించాడు. తర్వాత తనే నడుపుతూ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మార్కెట్టు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పాడు. ఆ రోడ్డు మీద యాభై అయిదు దాటడానికి సందెక్కడిది? స్టీరింగ్ మీంచి చేతులు తీసి చూపించాడు. "వెన్నలా పోతోంది. అక్కా, ఏమీ అనుకోకు, నువ్వు స్టీరింగ్‌ని మరీ బిగపట్టేస్తావు. నీ చేతుల వణుకే బండికి ఎక్కుతోందేమో."

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అమ్మ తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

మంగళవారం అమ్మ భయపడి డెబ్బై దాటలేదు. పెట్టె మోగలేదు గానీ పదీ నలభైకి చేరాం. మేడమ్ పుస్తకంలో ఎర్ర పెన్నుతో టైము రాసింది. "మెల్లగా వస్తే ఆలస్యం, వేగంగా వస్తే పాడు. రెంటిలో ఏదో ఒకటి కాదమ్మా నాకు కావలసింది." అమ్మ తల ఊపింది.

తిరుగు దారిలో నేను అమ్మ చెవి దగ్గరకు వంగి చెప్పాను. "వెనకమ్మా. ఎడమ పక్క చక్రం."

"నీకెలా తెలుసు?"

"నా కిందే ఉంది కదా. ముందు సీటు మీద చెయ్యేసి చూశాను, అక్కడ తక్కువ. కుడి పక్కకి జరిగి కూర్చున్నా తక్కువే."

"నిన్నే చెప్పొచ్చు కదే మొద్దూ!"

మళ్లీ మేస్త్రీ. ఈసారి వెనక ఎడమ చక్రం కింద జాకీ వేసి ఎత్తాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్ మంది. ఆయన మొహంలో నవ్వు పోయింది. పానా తీసుకుని నట్టుకు తగిలించాడు. ఏ కష్టం లేకుండా అరచుట్టు తిరిగింది.

"అక్కా, ఇవి వదులుగా ఉన్నాయి. నాలుగూ!"

అమ్మ నా భుజం పట్టుకుంది. గట్టిగా, వేళ్లు దిగేట్టు.

"వణుకు పోనివ్వు, చక్రమే పోయేది. చివరిసారి ఎవరు బిగించారు?"

"ఆయనే" అంది అమ్మ. ఆయనంటే నాన్న. నాన్న గేట్లకూ కిటికీ ఊచలకూ రంగులేస్తాడు, మా ఇంటి ముందు రేకుల షెడ్డులోనే. కబురందుకుని వచ్చాడు. "కాలితో తొక్కి మరీ బిగించాను. నాకు తెలీదా?" అన్నాడు చిన్నబోయి.

మేస్త్రీ పానా మీద తన బరువంతా వేసి నాలుగు నట్లూ బిగించాడు. సాయంత్రం హైవే మీద తొంభై దాకా పోయి చూశాం. ఏమీ లేదు. గొణుగుడు లేదు, మోత లేదు. అమ్మ నోట్లోంచి పాట వచ్చింది. మా అమ్మ పాడితే వినలేం, కానీ ఆ రోజు విన్నాం.

బుధవారం పొద్దున కూడా అలాగే పోయాం. పదింపావుకల్లా పెట్టె చేరింది, అన్నీ బాగున్నాయన్నారు. తిరిగొచ్చేటప్పుడు సగం దారి దాటాక నా సీటు కింద మళ్లీ గొణుగుడు మొదలైంది. మొదట నా భ్రమేమో అనుకున్నాను. ఇల్లు దగ్గర పడేసరికి అద్దంలో అమ్మ కళ్లు కనిపించాయి. భ్రమ కాదు.

మేస్త్రీ మా ఇంటికే వచ్చాడు. పానా పెట్టాడు. నాలుగు నట్లూ మళ్లీ వదులే.

ఆయన లేచి చేతులు తుడుచుకున్నాడు. "చూడు బావా. నేను బిగించిన నట్టు ఊరికే ఊడదు. ఇరవై ఏళ్లలో ఒక్కటి ఊడలేదు. ఇది ఎవరో చేతులు పెట్టిన పని."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనుకోని మాట కాదు, పైకి అనని మాట. రూటు ఎవరి దగ్గర్నుంచి మాకొచ్చింది? సెలవుల్లో వ్యాను ఖాళీగా పెట్టుకుని కూర్చున్నదెవరు? మా వీధి చివరి స్టాండులోంచి మా కారు ఆగే చోటు కనిపిస్తుంది కూడా.

నాన్న మెతక మనిషి. రంగు డబ్బా మూత కూడా బతిమాలి తీస్తున్నట్టు తీస్తాడు. ఆ మనిషి చేతిలో బ్రష్షుతోనే స్టాండు వైపు నడిచాడు. "వెనకే వెళ్లవే, చెయ్యి చేసుకుంటాడేమో చూడు" అని అమ్మ నన్ను తోసింది.

వ్యాను ఆయన తలుపు తెరిచి కాళ్లు బయటికి పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ నలుగురు డ్రైవర్లు.

"కోపం ఉంటే నా మొహం మీద చూపించు" అన్నాడు నాన్న. "నా భార్యా కూతురూ పోయే బండి అది. చక్రం నట్లు విప్పడమేంటయ్యా?"

"ఏ నట్లు?"

"నీకు తెలీదా?"

ఆయన మెల్లగా లేచాడు. "బుర్ర ఉండే మాట్లాడుతున్నావా?"

"రూటు పోయిందని ఏడుపు నీకు. ఊరంతా తెలుసు."

"ఏడ్చాను. నిజమే. ఏడ్చినవాడల్లా పానా పట్టుకుని తిరుగుతాడా? నీ బండికి నేను కాపలావాణ్ని కాదు, దొంగనూ కాదు. ముందు ఆ బ్రష్షు దించు, నా చొక్కా మీద పడుతోంది."

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న ఇంకో నాలుగు మాటలన్నాడు. అవి నేనిక్కడ రాయను. నాన్న నోట అలాంటివి నేనెప్పుడూ వినలేదు. వ్యాను ఆయన నా వైపు చూసి, "పిల్ల ముందు" అని మాత్రం అన్నాడు.

మేస్త్రీ అప్పటికే నట్లు మళ్లీ బిగించి, బ్యాలెన్సు చూస్తానని డిక్కీలోంచి స్టెప్నీ తీసుకుపోయాడు. ఇంకా వెలుతురుంది. నేను కారు పక్కన కూర్చుని చక్రం వైపు చూస్తూ ఉన్నాను. వ్యాను ఆయన నిజంగా వచ్చి విప్పితే మనకెలా తెలుస్తుంది? నాన్న షెడ్డులోకి వెళ్లి పసుపు రంగు డబ్బా, అన్నింటికంటే సన్న బ్రష్షు తెచ్చుకున్నాను. ఒక్కో నట్టు మీంచి పక్కనున్న రేకు మీదకు ఒక గీత గీశాను. నట్టు తిరిగితే గీత తెగాలి. నాలుగు నట్లు, నాలుగు గీతలు. కుడి వెనక చక్రానికి కూడా గీశాను. ఎవరికీ చెప్పలేదు.

గురువారం పొద్దున ముందు వాటినే చూశాను. ఎనిమిది గీతలూ చెక్కు చెదరలేదు. ఎవరూ రాలేదు.

నాకు కొంచెం ధైర్యం రావాలి కదా, రాలేదు. ఇంకా భయమేసింది. ఎవరూ విప్పకపోతే అవి ఎందుకు వదులవుతున్నాయి? అమ్మ పెట్టె తెచ్చి ఒళ్లో పెట్టింది. "ఇవాళ పాడైతే ఇక అంతే" అంది, నాతో కాదు, స్టీరింగుతో.

ఊరు దాటాం. ఎనభై. ఎనభై అయిదు. నున్నగా పోతోంది. నేను థర్మామీటరు చూడటం లేదు, నా సీటు వింటున్నాను. ఇరవై కిలోమీటర్లు. ఇరవై అయిదు. ముప్పయ్యో రాయి దగ్గర గొణిగింది. రెండు నిమిషాల్లో నడుము దాకా వచ్చింది. పెట్టె ఎత్తి పట్టుకున్నాను.

"అమ్మా, ఆపు."

"ఆపితే టైము పోతుంది."

"అమ్మా, ఆపు!"

నేను అలా అరవడం అమ్మ ఎప్పుడూ వినలేదు. రోడ్డు పక్కకు తీసి ఆపింది. నేను పెట్టెను సీటు మీద పెట్టి దిగి చక్రం దగ్గర కూర్చున్నాను. మూడు గీతలు తెగి ఉన్నాయి. నట్టు మీది ముక్క ఒక దిక్కున, రేకు మీది ముక్క ఒక దిక్కున. నాలుగోది కూడా కొద్దిగా జరిగింది. కుడి వైపు పరుగెత్తాను. అక్కడ ఒక్కటే వెంట్రుకవాసి జరిగింది.

మళ్లీ ఎడమకొచ్చి వేలితో నట్టు చుట్టూ తడిమాను. వెండి రంగు పెచ్చులు వేలికి అంటుకున్నాయి. నట్టు కింద నుంచి రంగు నలిగి, పిండిలా బయటికొస్తోంది.

అప్పుడు తెలిసింది.

మా నాన్న కంటికి ఇనుము బోసిగా కనిపించకూడదు. కిటికీ ఊచలు, బావి గిలక, కత్తెర పిడి, అన్నింటికీ రంగే. ఒకసారి తాళంకప్పకు కూడా వేసేశాడు, వారం రోజులు తాళంచెవి దూరలేదు. మూడు వారాల కిందట ఒక ఆదివారం, వెనక చక్రాలు తుప్పు పట్టాయని ఆయనే విప్పి, రుద్ది, ముందు ఎర్రది ఒక పూత, పైన వెండి రంగు రెండు పూతలు వేశాడు. అమ్మకు చెప్పకుండా, సంతోషపెడదామని. కుడిది ఆయన వేశాడు. ఎడమది నాకిచ్చాడు. "ఒక్క చుక్క కూడా వదలొద్దు. లోపలి వైపు కూడా. నట్ల గుంతల్లో కూడా" అన్నాడు. నా బ్రష్షు గీతలు కనిపిస్తున్నాయని ఇంకో పూత వేశాను. గుంతల్లో దళసరిగా నింపాను. చక్రం బండికి అతుక్కునే చోట కూడా వేశాను. ఇనుముకు ఇనుము ఆనాల్సిన చోట మేము మెత్తటి పొరలు పెట్టాం. బిగించినప్పుడల్లా అది గట్టిగానే ఉన్నట్టుంటుంది. పరుగెత్తినకొద్దీ నలిగి పోతుంది, నట్టు కింద ఖాళీ మిగులుతుంది.

"ఏంటే? అలా బిగుసుకుపోయావు?"

చెప్పాను. గీతల సంగతి, రంగు సంగతి, ఎడమది నేను వేసిన సంగతి. చెబుతుంటే ఏడుపొచ్చింది గానీ మధ్యలో ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

అమ్మ వంగి తన వేలితో కూడా తడిమింది. పెచ్చుల్ని చూసింది. "నువ్వూ, మీ నాన్నా" అంది. తిడుతుందనుకున్నాను. రోడ్డు మీదే కూర్చుండిపోయింది. "నిన్న ఆయన అక్కడికెళ్లి ఎన్ని మాటలన్నాడే!"

టైము తొమ్మిది. స్టెప్నీ మేస్త్రీ షెడ్డులో ఉంది. అమ్మ పానా తీసి నట్లు బిగించింది. "యాభైలో పోదాం."

"మళ్లీ వదులవుతాయమ్మా. ఇంకా యాభై అయిదు కిలోమీటర్లుంది, మధ్యలో రెండు ఊళ్లు, గేటు. ఆగి ఆగి బిగించుకుంటూ యాభైలో పోతే టైముకు అందం. వేగంగా పోతే..." మిగతాది అనలేకపోయాను.

అమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. మా ఊరి నుంచి ఇప్పుడు వెంటనే బయల్దేరగల బండి ఒక్కటే. అదెవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆయనకు పెట్టె ఇవ్వడమంటే రూటు చేతులారా ఇవ్వడమేనని కూడా తెలుసు. వెనక సీటు మీద పెట్టె ఉంది. ఆ గొట్టాల మీద రాసిన పేర్లు పొద్దున నేనే సరిచూశాను. ముసలమ్మ పేరు మూడో వరసలో ఉంది.

"అన్నయ్యా, నేను" అంది అమ్మ ఫోనులో. "అవును, నేనే. నిన్న మా ఆయనన్న మాటలకు నా మొహం చూపించలేను, అయినా చేశాను... బండి ముప్పై అయిదో రాయి దగ్గర ఆగిపోయింది. పెట్టె చేర్చాలి. పదిన్నరకు."

అటునుంచి ఏదో అని పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"మీ బండి దగ్గరికొస్తే మళ్లీ నట్లు విప్పాననరు కదా, అన్నాడు."

"వస్తాడా?"

"తెలీదు."

అమ్మ అటూ ఇటూ తిరిగింది. నేను థర్మామీటరు రాశాను, పదే పదే చూశాను. తొమ్మిదీ పది. తొమ్మిదీ ఇరవై. పసుపు రంగుది ఏది కనబడినా లేచి నిలబడ్డాను. ఒకటి లారీ, ఒకటి వేరే స్కూలుది. తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి ఆయన వ్యాను వచ్చి దుమ్ము లేపుతూ ఆగింది. ఆయన దిగలేదు. "ఎక్కించు" అన్నాడంతే. పెట్టె పట్టుకున్న మనిషే పుస్తకంలో సంతకం చేయాలి కాబట్టి నేను కూడా ఎక్కాను. అమ్మ కారు దగ్గరే ఉండిపోయింది.

పిల్లల సీట్లు, కిటికీలకు అడ్డ ఊచలు. ఆయన తొంభైలో తోలాడు. ఒక్క గొట్టం కూడా మోగలేదు. ఆ నిశ్శబ్దం నాకు గుచ్చుకుంది. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడుతోంది. ముందు రెండు బండ్లు. ఆయన హారను మీద చెయ్యి పెట్టి తీసేశాడు. గూడ్సు బండి. ఎన్ని పెట్టెలో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెడితే ఇంకా ఎక్కువవుతాయనిపించింది.

"మామయ్యా" అన్నాను. ఆయన అద్దంలో చూశాడు. "నట్లు మీరు విప్పలేదని నాకు తెలుసు. మా రంగు వల్ల వదులయ్యాయి. నేనే వేశాను."

"నీకు మాటలొచ్చా?" అన్నాడు.

గేటు లేచింది.

పదీ ఇరవై ఏడుకు ల్యాబు మెట్లెక్కాం. మేడమ్ గడియారం చూసింది, నన్ను చూసింది, నా వెనకాల ఆయన్ను చూసి కనుబొమలు ఎత్తింది. గొట్టాలు మిషనులో పెట్టి తిప్పారు. పావుగంట. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేడమ్ ఒక్కోటీ తీసి వెలుతురుకు ఎత్తింది. పైన నీరు లేత పసుపుగా, తేటగా ఉంది. మూడో వరస కూడా.

"బాగున్నాయి" అంది. "అయితే బండి మారింది కాబట్టి బాగున్నాయి. అంతేగా?" వ్యాను ఆయన వైపు తిరిగింది. "మళ్లీ చేస్తావా నువ్వు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. చేస్తాననే అన్నాడు. అడిగితే ఎవరు కాదంటారు?

ఇప్పుడు మాట్లాడకపోతే ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు. "మేడమ్, బండి ఎందుకు వణుకుతోందో తెలిసింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆదివారం రంగు దగ్గర్నుంచి గీతల దాకా అన్నీ చెప్పాను. గీతలు ఇంట్లో ఉన్నప్పుడు తెగలేదని, ముప్పై కిలోమీటర్లు పోయాక తెగాయని, కుడిదానికి రంగు పల్చన కాబట్టి తక్కువ జరిగిందని. ఇవాళ అమ్మ అలాగే పోనిచ్చి ఉండొచ్చని, కానీ పెట్టె కోసం ఆపేసిందని. "రంగు గీకేస్తే పోతుంది. రేపటికి గీకేస్తాం."

"పోతుందని ఖాయమేనా?"

"ఖాయం" అన్నాను. ఖాయమేమీ కాదు.

మేడమ్ పెన్ను మూత పెట్టి తీసింది. "కారణం తెలిసిన బండి నయం, తెలియని బండికంటే. రేపు ఒక్కరోజు చూస్తాను. నువ్వు" అని వ్యాను ఆయనతో అంది, "స్కూళ్లు తెరిస్తే మళ్లీ పదకొండింటికొస్తావు. నాకు తెలీదూ?"

ఆయన తల గోక్కున్నాడు. మెట్లు దిగుతూ, "మీ నాన్నను సాయంత్రం స్టాండుకు రమ్మను" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. దారిలో నన్ను అమ్మ దగ్గర దించి వెళ్లిపోయాడు, మేము నట్లు బిగించుకుంటూ మెల్లగా ఇల్లు చేరాం.

సాయంత్రం మేస్త్రీ పానా కింద పెట్టి, పెచ్చుల్ని చూసి, "ఇరవై ఏళ్లలో ఇది చూళ్లేదు" అని మాత్రం అన్నాడు. ఎవరో చేతులు పెట్టారన్న మాట మళ్లీ ఎత్తలేదు. నాన్న రెండు చక్రాలూ ముందు పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దాడు. అతుక్కునే చోటు, నట్ల గుంతలు, తళతళమనే బోసి ఇనుము వచ్చేదాకా. "తుప్పు పడుతుంది" అని ఒకసారి గొణిగాడు. అమ్మ చూసిన చూపుకు మళ్లీ అనలేదు. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని స్టాండుకు బయల్దేరాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెళ్లాను.

అదే నలుగురు. అదే వ్యాను.

"నట్లు ఎవరూ విప్పలేదు" అన్నాడు నాన్న నేల చూస్తూ. "నేను వేసిన రంగే విప్పింది. నిన్ను అన్న మాటలు తప్పు."

"గట్టిగా చెప్పు. ఆ చివర అద్దం తుడిచేవాడికి వినబడలేదు."

నాన్న తల ఎత్తి గట్టిగా చెప్పాడు. అద్దం తుడిచేవాడు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వ్యాను ఆయన కాసేపు పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

"నా వ్యాను తలుపు కింద తుప్పు పట్టింది" అన్నాడు చివరకు. "ఆదివారం వచ్చి రంగేసి పో."

"వేస్తాను."

"తలుపుకే. చక్రాల దరిదాపులకొచ్చావో, ఊరుకోను."

అందరూ నవ్వారు. నాన్న కూడా కొంచెం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మేడమ్‌తో ఖాయం అన్న మాటే చెవిలో ఉంది.

శుక్రవారం ఎనిమిదిన్నరకు పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ ఇరవయ్యో రాయి దగ్గర ఒకసారి, నలభయ్యో రాయి దగ్గర ఒకసారి ఆగి పానా పెట్టి చూసింది. నట్లు కదల్లేదు. పదీ ఇరవై అయిదుకు చేరాం. మిషను తిరిగినంతసేపూ అమ్మ బయట మెట్ల మీదే కూర్చుంది, లోపలికి రానంది. మేడమ్ అన్ని గొట్టాలూ చూసింది. ఒకదాన్ని రెండుసార్లు చూసింది.

"సోమవారం ఎనిమిదిన్నరకే కదా?" అంది.

నేను బయటికొచ్చి అమ్మకు ఆ మాట అలాగే చెప్పాను. అమ్మ లేచి, చీర దులుపుకుని, డిక్కీలోంచి పానా తీసుకుని మళ్లీ వెనక చక్రం దగ్గర కూర్చుంది.